పూర్ణమ్మ మాట విన్న కవి

హైదరాబాదు నగరానికి పడమటి దిక్కున, శేరిలింగంపల్లికి చేరువలో, నల్లగండ్ల అనే ఊరున్నది. ఊరికి ఒక చెరువున్నది. ఒకనాడు పల్లెగా ఉండిన ఆ చోట ఇప్పుడు ఆకాశాన్నంటే భవనాలు లేచినవి. హైటెక్ సిటీలో కొలువులు చేసే వేలాది కుటుంబాలు నానా జిల్లాల నుండి వచ్చి అక్కడ కాపురముంటున్నవి. ఊరి రూపు మారినా ఆశ్వయుజ మాసపు ఆచారం మాత్రం మారలేదు. తెలంగాణలోని తక్కిన ఊళ్ళవలెనే అక్కడి ఆడపడుచులూ తంగేడు పూలు, గునుగు పూలు పేర్చి, చుట్టూ తిరిగి పాడి, బతుకమ్మను నీళ్ళలో సాగనంపుతారు.

బతుకమ్మ పుట్టుకను గూర్చి పలు కథలున్నవి. వాటిలో ఒకటి ఇది: దొరల అకృత్యాలు భరించలేక ఒక బాలిక తన ప్రాణం తానే తీసుకున్నది, ఊరివారందరూ కూడి ఆమెను చిరకాలం బతుకమ్మా అని దీవించారు. కథ పాతదో కొత్తదో, అందులోని విషాదం మాత్రం నిజమైనది. దీవెన అందినది పిల్ల పోయిన తరువాత. ఆమె ఉన్ననాడు ఆమె గోడు విని అడ్డుపడినవారి ఊసు కథలో ఎక్కడా రాదు.

బతుకు భారమై మరణాన్ని ఆశ్రయించిన వారిని లోకం రెండు విధాలుగా చూస్తుంది. కొందరిని దేవతలను చేసి గుడి కడుతుంది. తక్కినవారిని పిరికివారని, పాపులని నిందిస్తుంది. పూజకు గాని నిందకు గాని, ఆ మనిషి దేనికి బాధపడ్డాడో తెలియవలసిన అవసరం లేదు. ఆ తెలియవలసిన దానినే పట్టుకొని తెలుగులో కావ్యం చెప్పినవారు, నాటకం ఆడించినవారు గురజాడ వేంకట అప్పారావుగారు. వారిది నల్లగండ్లకు చాలా దూరాన ఉన్న కళింగసీమ. వారు చూచిన చెరువులూ నూతులూ వేరు. కాని వారు చెప్పిన కథలో కూడా పూలున్నవి, దుర్గ ఉన్నది, కొలను ఉన్నది, ఒక పసిపిల్ల ఉన్నది.

అప్పారావుగారు 1862వ సంవత్సరం సెప్టెంబరు 21వ తేదీన విశాఖపట్టణం జిల్లా ఎలమంచిలి ప్రాంతంలోని రాయవరంలో, మాతామహుల ఇంట జన్మించారు. తండ్రి వేంకట రామదాసుగారు, తల్లి కౌసల్యమ్మగారు. తండ్రి విజయనగర సంస్థానంలో ఉద్యోగి. ఆయన కొలువు చీపురుపల్లిలో గనుక కుమారుని బాల్యవిద్య అక్కడనే జరిగినది. తండ్రి పోయిన తరువాత అప్పారావు చదువుకై విజయనగరం చేరుకున్నాడు. అప్పటికి అతడు దిక్కులేని విద్యార్థి. మహారాజా కళాశాల ప్రధానాచార్యులు చంద్రశేఖరశాస్త్రిగారు ఆ బాలుని తమ ఇంట ఉంచుకొని అన్నం పెట్టి చదివించారు. ఆ పిల్లవాని అవసరం ఏమిటో ఒక ఉపాధ్యాయుడు అడగకుండానే గ్రహించాడు. తెలుగు సాహిత్యం ఆయనకు పడిన ఋణం చిన్నది కాదు.

విజయనగరంలో ఆయనకు తోడి విద్యార్థి గిడుగు వేంకట రామమూర్తి. వీరిద్దరూ తరువాతి కాలంలో వ్యావహారిక భాషకు రెండు కండ్లయినారు. 1882లో అప్పారావుగారు మెట్రిక్యులేషనులోను, 1884లో ఎఫ్.ఏ. పరీక్షలోను ఉత్తీర్ణులై, అదే సంవత్సరం కళాశాలకు చేరిన ఉన్నత పాఠశాలలో ఇరువది అయిదు రూపాయల జీతంపై ఉపాధ్యాయులైనారు. 1885లో అప్పల నరసమ్మగారితో వివాహం జరిగినది. 1886లో బి.ఏ. పూర్తి చేసి, కొంతకాలం డిప్యూటీ కలెక్టరు కచేరీలో గుమాస్తా పని చేసి, 1887లో మహారాజా కళాశాలలోనే అధ్యాపకులుగా చేరారు. సాహిత్యంలో తొలి అడుగు ఇంగ్లీషులో పడినది. సారంగధర కథను వారు ఇంగ్లీషు పద్యాలలో వ్రాయగా కలకత్తాలోని శంభుచంద్ర ముఖర్జీ వంటి పెద్దలు మెచ్చుకున్నారు. పరభాషలో ఎంత వ్రాసినా పరాయివాడవేనని హితవు చెప్పిన మిత్రులూ ఉన్నారు. హితవు ఫలించినది.

ఆనాటి విజయనగర ప్రభువు ఆనంద గజపతి మహారాజు. విద్యావంతుడు, కళాప్రియుడు, సంఘ సంస్కారమంటే అభిమానం కలవాడు. ఆయన అప్పారావుగారిని చేరదీసి, 1891లో సంస్థానానికి శాసన పరిశోధకునిగా నియమించాడు. రాళ్ళ మీది అక్షరాలు చదవడం వారి ఉద్యోగమైనది. అయితే మహారాజుకు అంతకంటె క్రూరమైన శాసనం ఒకటి జిల్లా అంతటా అమలులో ఉన్నట్లు తెలుసు. ఆడపిల్లను డబ్బుకు అమ్మి పెండ్లి చేయడమనే కన్యాశుల్కం ఆ రోజులలో కొన్ని బ్రాహ్మణ కుటుంబాలలో ఆచారంగా పాతుకొని పోయినది. మహారాజు విశాఖపట్టణం జిల్లాలో మూడు సంవత్సరాల కాలంలో జరిగిన అటువంటి వివాహాల పట్టిక ఒకటి తయారు చేయించాడు. పట్టిక అసంపూర్ణమైనదే. అయినా అందులోనికి ఎక్కిన వివాహాలు 1034. సాలీనా సగటున 344 అన్నమాట. ఆ వధువులలో తొంబది తొమ్మిది మందికి అయిదేండ్లు, నలుబది నలుగురికి నాలుగేండ్లు, ముప్పది ఆరుగురికి మూడేండ్లు, ఆరుగురికి రెండేండ్లు. ముగ్గురు పిల్లలకు ఏడాది వయసు.

అప్పారావుగారు ఈ లెక్కలను కన్యాశుల్కం నాటకపు తొలి కూర్పు పీఠికలో ప్రకటించారు. లెక్కలు చెప్పి ఊరుకొని ఉంటే ఆయన మంచి సంస్కర్త అయి ఉండేవారు. కాని లెక్కల వెనుక ఇళ్ళున్నవి, ఇళ్ళలో తల్లులున్నారు. పట్టికలో పిల్ల వయసు వ్రాయవచ్చును, పుచ్చుకున్న రూపాయలు వ్రాయవచ్చును. ఆ రాత్రి తల్లి వంటింట ఏ మూల కూర్చున్నదో వ్రాయడానికి పట్టికలో గడి ఉండదు. దానికోసం నాటకం కావలసి వచ్చినది.

కన్యాశుల్కం 1892లో విజయనగరంలో ప్రదర్శింపబడినది, 1897లో అచ్చయినది. ఇప్పుడు అందరూ చదివేది 1909లో వారే పెంచి తిరగవ్రాసిన రెండవ కూర్పు. గిరీశం మాటకారితనం, మధురవాణి చాతుర్యం, రామప్ప పంతులు టక్కు తెలుగువారికి కంఠస్థమే. ఈ సందడిలో ఒక తల్లి నూతిలో పడిన సంగతి ఎంతమందికి గుర్తున్నది?

కృష్ణరాయపురం అగ్రహారీకుడు అగ్నిహోత్రావధానులు. పెద్దకూతురు బుచ్చమ్మను ఇదివరకే డబ్బుకు ఇచ్చి పెండ్లి చేశాడు. ఆ పిల్ల పసితనంలోనే విధవ అయి ఇంట కూర్చున్నది. ఇప్పుడు చిన్నకూతురు సుబ్బిని ముసలి లుబ్ధావధానులకు ఇస్తానంటాడు. భార్య వెంకమ్మ వద్దంటుంది. ఆమె వాదంలో శాస్త్రం లేదు, సంస్కరణ లేదు. కండ్ల ముందు పెద్దకూతురున్నది, అంతే. భర్త వినడు. కోపంతో ఊగిపోతాడు. చివరకు వెంకమ్మ నూతిలో పడుతుంది. ఇల్లంతా గగ్గోలవుతుంది. ఆమెను బయటికి తీస్తారు.

నుయ్యో గొయ్యో చూచుకుంటాననడం తెలుగు ఇండ్లలో తరచుగా వినవచ్చే మాట. తరచు వినవచ్చేది కనుకనే ఎవరూ వినని మాట. బెదిరింపని కొట్టిపారేస్తారు, ఆడవాళ్ళ అఘాయిత్యమంటారు. మాట క్రియ అయిన నాడు నలుగురూ పరుగెత్తుకొని వచ్చి పైకి లాగుతారు. ఒళ్ళు తుడిచి, పొడిబట్ట కట్టి, పరువు తీశావని నాలుగు చీవాట్లు పెట్టి, మళ్ళీ ఆ వంటింటికే పంపుతారు. మనిషి దక్కినది గదా, ఇక ఏమి కావాలని లోకపు ధోరణి. అగ్నిహోత్రావధానులు సరిగా ఆ లోకానికి ప్రతినిధి. నూతిలో నుండి భార్యను తీసిన తరువాత కూడా సుబ్బి పెండ్లి సంబంధం అట్లాగే ఉంటుంది.

ఇక్కడ అప్పారావుగారి చూపు ఎంత నిశితమైనదో గమనింపవలసి ఉన్నది. వెంకమ్మ తోబుట్టువు కరటకశాస్త్రి నాటకాలాడుకొనే మనిషి. ధర్మోపన్యాసాలు ఆయనకు చేతకావు. ఆత్మహత్య మహాపాపమని ఆమెకు బోధించడం ఆయన తలపెట్టిన పని కాదు. నీళ్ళలో పడేటంత దుఃఖం ఎక్కడ నుండి వచ్చినదో చూచి, ఆ పెండ్లినే చెడగొట్టడానికి పూనుకుంటాడు. శిష్యునికి ఆడపిల్ల వేషం వేసి లుబ్ధావధానుల ఇంటికి తీసుకొని పోవడంతో నాటకపు కథ అంతా నడుస్తుంది. తెలుగువారు నూరేండ్లకు పైగా నవ్వుకుంటున్న ఆ హాస్యమంతటికీ మూలం ఒక తల్లి నిరాశ. దానిని ఒక తోబుట్టువు నిజమని నమ్మడం. ఆ తోబుట్టువు అబద్ధాలాడాడు, మోసం చేశాడు. విమర్శకులు ఆయన నడతను తూచనీ. వెంకమ్మకు అవసరమైన పని చేసినవాడు మాత్రం ఆ ఇంట అతడొక్కడే.

మరొక సంగతి. భారత శిక్షాస్మృతి 1860లో తయారై, 1862 జనవరి 1 నుండి, అనగా అప్పారావుగారు పుట్టిన సంవత్సరం నుండే అమలుకు వచ్చినది. దాని 309వ సెక్షను ప్రకారం ఆత్మహత్యకు యత్నించినవారు నేరస్థులు. ఒక సంవత్సరం వరకు ఖైదు విధించవచ్చును. ఆ చట్టం దృష్టిలో కృష్ణరాయపురం అగ్రహారంలో ఆనాడు నేరం చేసినది వెంకమ్మ ఒక్కతే. పిల్లను అమ్మజూపిన తండ్రి, కొనజూపిన వరుడు, కుదిర్చిన మధ్యవర్తి, వీరిలో ఎవరూ ఏ సెక్షనుకూ చిక్కరు. అప్పారావుగారు ఈ చట్టాన్ని గూర్చి నాటకంలో ఉపన్యసించలేదు. నూతిని రంగం వెనుక ఉంచి, ముంగిట నిలిచిన మనుషులను చూపారు.

కన్యాశుల్కం అచ్చయిన ఆ 1897లోనే ఫ్రాన్సు దేశంలో ఎమిల్ దుర్కైమ్ అనే పండితుడు ఆత్మహత్యను గూర్చి ఒక మహాగ్రంథం ప్రకటించాడు. వ్యక్తి మనోదౌర్బల్యమొక్కటే దీనికి కారణమనడం చాలదని, సంఘం మనిషిని పట్టి ఉంచే తీరులో, విడిచిపెట్టే తీరులో కారణాలు వెదకాలని ఆయన దేశదేశాల లెక్కలతో వాదించాడు. మితిమీరిన నిర్బంధం క్రింద నలిగి, ముందుదారి మూసుకొని పోయినవారి మరణాలు ఒక తెగ అని కూడా ఆయన గుర్తించాడు. అయితే నేటి కాలంలో దానికి అంత ప్రాధాన్యం లేదని తలచి పుటకు అడుగున ఒక చిన్న గమనికలో చెప్పి విడిచాడు. పారిస్ నగరపు పండితునికి అధోజ్ఞాపికగా మిగిలిన ఆ మనుషులు విజయనగరపు కవికి ఇరుగుపొరుగులు.

ఆ సంవత్సరమే ఆనంద గజపతి మహారాజు మరణించాడు. అప్పారావుగారు మహారాజు సోదరి రీవా మహారాణి అప్పల కొండయాంబగారి కార్యదర్శి అయినారు. సంస్థానపు వ్యవహారాలు, దీర్ఘకాలం నడిచిన వ్యాజ్యం, అంతంత మాత్రపు ఆరోగ్యం వారి కాలాన్ని చాలా హరించినవి. ఆరోగ్యం కోసం నీలగిరులకు వెళ్ళి ఉన్న కాలంలోనే కన్యాశుల్కాన్ని తిరగవ్రాసే పని సాగినది.

ఆ పైన వచ్చినది భాషా పోరాటం. రామమూర్తిగారు, అప్పారావుగారు, పాఠశాలల పరీక్షకుడు జె. ఏ. యేట్స్ దొరగారు కలిసి వాడుకభాషను చదువులలోనికి తేవాలన్నారు. ఎదుటి పక్షాన జయంతి రామయ్య పంతులుగారి వంటి ఉద్దండులు నిలిచారు. ఈ వాదాన్ని సాధారణంగా వ్యాకరణానికి సంబంధించినదిగా చెప్పుకోవడం ఆనవాయితీ. అప్పారావుగారి రచనలు చదివినవారికి ఇంకొక కోణం కూడా స్ఫురిస్తుంది. దుఃఖం వచ్చినవారు గ్రాంథికంలో ఏడవరు. వెంకమ్మ మాటలు వెంకమ్మ పలికినట్లు వ్రాస్తేనే ఆమె ఏమన్నదో తెలుస్తుంది. వాటికి ద్రుతాలు, సంధులు కూర్చి సంస్కరించేసరికి ఆమె బదులు ఒక నాయిక నిలబడుతుంది. 1910లో ముత్యాల సరాలు వెలువడినవి. ఆ ఏడే దిద్దుబాటు కథ వచ్చినది. చేతిలో పాత ఛందస్సుకు లొంగని కొత్త నడక సిద్ధమైన ఆ కాలంలోనే అప్పారావుగారు పూర్ణమ్మ కథ చెప్పారు.

కథ చిన్నది. ఒక పూజారి ఇంట పూర్ణమ్మ అనే పిల్ల పుట్టి పెరిగింది. అన్నదమ్ముల నడుమ ముద్దుగా, ఏ ఋతువున పూచే పూలు ఆ ఋతువున కోసి దుర్గకు అర్పిస్తూ పెరిగింది. కన్నవారు డబ్బుకు లొంగి ఆమెను ముసలివానికి కట్టబెట్టారు. అతడు వచ్చి తీసుకొని పోయే నాడు ఆ పిల్ల పూలు తీసుకొని కొలనుకు పోయి, తిరిగి ఇంటికి రాలేదు. ఇంతే. ఈ గేయాన్ని కవి ప్రౌఢులైన రసికుల కోసం మొదలుపెట్టలేదు. ఆడపిల్లలను, తల్లులను పిలిచి కూర్చోబెట్టి చెప్పినట్లు చెప్పారు.

గేయంలో పెండ్లికి, ఆ చివరి సాయంకాలానికి నడుమ జరిగిన సంగతులు చాలామంది పాఠకులు దాటిపోతారు. కాని కథకు ఆయువుపట్టు అక్కడనే ఉన్నది. పెండ్లి అయిన పిల్లను తోడి కన్నెలు మొగుడు తాత అని గేలి చేస్తారు. వారికి అది వేళాకోళం. గేలి చేసినవారు దుర్మార్గులు కారు. ఆటలలో పాటలలో తనతో పెరిగినవారే. పూర్ణమ్మ ఆటపాటలలో కలియక దుర్గను చేరి ఏడుస్తుంది. బాధపడుతున్న మనిషి జనంలో నుండి తప్పుకొని మూలకు చేరడం తొలి గుర్తు. గేయంలో ఎవరూ ఆ పిల్ల ఎక్కడికి పోయినదని వెదకలేదు.

పయనపు వేళ వచ్చినది. ఆమె పెద్దలకు మ్రొక్కినది, పెద్దలు దీవించారు. దీవెన వింటూ ఆమె ఫక్కున నవ్వినది. ముసలివాని చేతిలో పెట్టిన పిల్లను నూరేండ్లు ముత్తయిదువగా ఉండుమని దీవిస్తే నవ్వు రాక ఏమి చేస్తుంది? ఆ నవ్వును కూడా ఎవరూ పట్టించుకోలేదు. అన్నదమ్ములు కంట నీరు పెట్టుకుంటే వారిని తానే ఓదార్చినది. తల్లిదండ్రులను చక్కగా చూచుకొమ్మన్నది. అమ్మవారికి పూలు అర్పించే పని తన బదులు చేయమన్నది. అందరూ కూడి సంతోషంగా ఉన్న సమయాన తనను ఒకసారి స్మరించుకొమ్మన్నది. పుట్టబోయే ఆడబిడ్డలకు తన పేరు పెట్టుకొమ్మన్నది.

అత్తవారింటికి పోయే పిల్ల తన పేరు మిగల్చమని ఎందుకు అడుగుతున్నది? పండుగకో పబ్బానికో మళ్ళీ వస్తుంది గదా, పూలపని వేరొకరికి ఎందుకు అప్పగిస్తున్నది? ఇవి అడగవలసిన ప్రశ్నలు. అడగడానికి అక్కడ తల్లి ఉన్నది, తండ్రి ఉన్నాడు, అన్నదమ్ములున్నారు, ఊరి పెద్దలున్నారు. కాని అవి అప్పగింతల వేళ. అప్పగింతలలో పిల్ల ఏడవడం ఆచారం, పుట్టింటివారు ఏడవడం ఆచారం, బరువైన మాటలు చెప్పుకోవడం ఆచారం. ఆచారపు ఏడుపులో నిజమైన ఏడుపు కలిసిపోయినది. పూర్ణమ్మ తన మనస్సును దాచలేదు. దాదాపు అంతా చెప్పినది. వినేవారికి ఆ మాటలను పెట్టుకోవడానికి ముందే ఒక పెట్టె సిద్ధంగా ఉన్నది. అందులో పెట్టి మూత వేశారు.

ఆ సాయంకాలాన్ని కవి వర్ణించిన తీరులో కొలను గట్టున ఏమి జరిగినదో లేదు. మందలు ఇండ్లు చేరడం, పిట్టలు చెట్లకు చేరడం, చుక్కలు పొడవడం, ఇంట్లో కన్నవారు ఎదురుచూడడం మాత్రమే ఉన్నవి. చివరకు పూర్ణమ్మ దుర్గను చేరినదని ముగిస్తారు. ఇది కూడా ఆమెను దేవతను చేయడమే గదా అని ఒక ఆక్షేపణ ఉన్నది. ఆక్షేపణలో కొంత పస లేకపోలేదు. ఆ ముగింపులోని లాలిత్యం దుఃఖాన్ని మరిపించే ప్రమాదం ఉన్నది. అయితే కవి దుర్గ మాట ఎత్తడానికి ముందే డబ్బు మాట ఎత్తారు. కన్నవారు దయను, న్యాయాన్ని వదులుకున్నారని కథకుడే తేల్చి చెప్పారు. గుడి కట్టాలనుకొనే పాఠకుడు ఆ మాటను దాటి గాని గుడి దగ్గరకు పోలేడు.

ఇదే కాలంలో వచ్చిన కన్యక గేయంలో పెనుగొండ వైశ్యుల కులదేవత కథ ఉన్నది. రాజు కామానికి ఎదురు నిలిచి అగ్నిలో దూకిన ఆ కన్యను జాతి కొలుస్తున్నది. అప్పారావుగారు ఆ కొలుపును తప్పుపట్టలేదు. కాని బలవంతుని ముందు నగరమంతా వెనుకాడిన ఘడియను కథలో నుండి తొలగనీయలేదు. మెటిల్డా అనే కథలో ముసలి భర్త అనుమానం క్రింద నలిగే ఒక పడుచు భార్యను చిత్రించారు. అక్కడ ఆమె బాధను పెంచేది భర్త ఒక్కడే కాదు, వీధిన పోతూ ఆమెను తొంగిచూచే విద్యార్థుల కుతూహలం కూడా. జాలి పడుతున్నామని తలచుకొనే చూపు కూడా భారమే కావచ్చునని చెప్పిన ఆ చిన్న కథకు రావలసినంత పేరు రాలేదు.

కన్యాశుల్కం నేడు లేదు. ముసలివరులు, ఏడాది వధువులు ఉన్న ఆ పట్టిక చరిత్ర పుటలకు చేరినది. పూర్ణమ్మకు జరిగినది మాత్రం నిలిచినది. జాతీయ నేర నమోదు సంస్థ లెక్కల ప్రకారం 2022లో దేశంలో 1,70,924 మంది ఆత్మహత్య చేసుకున్నారు. వారిలో విద్యార్థులు 13,044 మంది. కారణాల గడులలో అన్నిటికంటె పెద్దది కుటుంబ సమస్యలు. సుమారు మూడింట ఒక వంతు మరణాలు ఆ రెండు మాటల క్రింద అణగి ఉన్నవి. వెంకమ్మ పోయి ఉంటే ఆమె కూడా ఆ గడిలోనే చేరేది. 2019 ఏప్రిల్‌లో తెలంగాణలో ఇంటర్మీడియెట్ ఫలితాలు వెలువడిన దినాలలో ఇరువది మందికి పైగా విద్యార్థులు ప్రాణాలు విడిచారు. ఫలితాల ప్రకటనలో పొరపాట్లు జరిగినట్లు విచారణ సంఘం తేల్చినది. ఆ రోజులలో పిల్లలకు ధైర్యం కావాలని, మార్కులే జీవితం కాదని పెద్దలు ఎన్నో హితవులు చెప్పారు. చెప్పినవారిలో చాలామంది అంతకు ముందు ఏడాది పొడుగునా ఆ మార్కులే జీవితమని చెప్పినవారు.

నల్లగండ్లకు చేరువలోనే కేంద్రీయ విశ్వవిద్యాలయం ఉన్నది. అక్కడ 2016 జనవరిలో ఒక పరిశోధక విద్యార్థి మరణించగా దేశమంతటా నిరసనలు రేగినవి. తరువాత వాదం చాలాకాలం ఆ యువకుని కులధ్రువపత్రం చుట్టూ తిరిగినది. చెరువు చుట్టూ లేచిన భవనాలలో ఎవరికైనా అటువంటి ఆపద వస్తే ఇరుగుపొరుగు అనే మాట మరొక తీరుగా ఉంటుంది: అంత జీతం, అంత ఇల్లు, ఏమి తక్కువయినదని. పూర్ణమ్మను దీవించిన పెద్దలు కూడా అట్లాగే అనుకొని ఉంటారు, కలిగిన ఇంటికి పోతున్నది, ఏమి తక్కువని.

చట్టం మాత్రం ఆలస్యంగానైనా కదిలినది. 2017లో చేసి 2018 మే నెలలో అమలుకు తెచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, ఆత్మహత్యకు యత్నించినవారు తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్లు భావించి, వారిని శిక్షింపరాదని, వారికి చికిత్స, పునరావాసం కల్పించడం ప్రభుత్వపు విధి అని చెప్పినది. 2024 జులై 1న కొత్త న్యాయసంహిత రావడంతో పాత 309వ సెక్షను పోయినది. వెంకమ్మ ఇప్పుడు నేరస్థురాలు కాదు. 2022 అక్టోబరు నుండి 14416 అనే సంఖ్యకు ఫోను చేసినవారి మాట వినడానికి టెలీ మానస్ అనే ప్రభుత్వ సేవ రేయింబవళ్ళు పనిచేస్తున్నది, తెలుగులోనే మాట్లాడవచ్చును. పాఠశాల గోడ మీద వ్రాసి ఉంచదగిన సంఖ్య అది.

మాట వినడాన్ని గూర్చిన పట్టుదల అప్పారావుగారిని చివరి సంవత్సరాలలో కూడా విడువలేదు. 1911లో వారు మద్రాసు విశ్వవిద్యాలయపు పాఠ్యనిర్ణయ సంఘంలో సభ్యులైనారు. వాడుకభాష పరీక్షలలో పనికిరాదని అధిక సంఖ్యాకులు తీర్మానింపగా, ఒంటరిగా నిలిచి సుదీర్ఘమైన అసమ్మతి పత్రం వ్రాశారు. అది 1914లో అచ్చయినది. ఆ ముందటి ఏడే ఉద్యోగ విరమణ జరిగినది. దేహం అప్పటికే శిథిలమైనది. 1915 నవంబరు 30వ తేదీన విజయనగరంలో వారు కన్నుమూశారు. ఏబది మూడేండ్లు.

కన్యాశుల్కం 1955లో చలనచిత్రంగా వచ్చినపుడు పూర్ణమ్మ గేయాన్ని కూడా అందులో చేర్చారు. నాటకంలో లేని ఆ కథ ఘంటసాల సంగీతంలో ఊరూరికీ చేరినది. నాటి నుండి పాఠశాలల వార్షికోత్సవాలలో ఆడపిల్లలు పూలబుట్టలు పట్టుకొని ఆ పాటకు అభినయిస్తూనే ఉన్నారు. పాట వినసొంపుగా ఉంటుంది, చప్పట్లు మ్రోగుతవి. పూర్ణమ్మగా వేషం కట్టిన పిల్ల దీవెనలు వింటూ నవ్వవలసిన చోటు వచ్చినపుడు, ఆ నవ్వు ఎట్లా నవ్వాలో నేర్పడం ఏ ఉపాధ్యాయినికైనా కష్టమే.